చీమకుర్తి రాతి రంగుల్లో ఒక డెస్క్‌టాప్ థీమ్: నలుగురి చేతికి ఇచ్చే ముందు

(ఒంగోలులో విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లకి తెర మీద అక్షరాలు కనబడుతున్నాయా? కనబడకపోతే ముందుకు వచ్చేయండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ నేను చెప్పేది వినడం కంటే చూడాల్సింది ఎక్కువ. అన్నా, ఆ ముందు రెండు ట్యూబ్‌లైట్లు ఆపకండి, వెలగనివ్వండి. వాటితో కూడా పని ఉంది. ఎందుకో తర్వాత చెప్తాను.

డెస్క్‌టాప్ థీమ్ గురించి మాట్లాడుకుందాం. థీమ్ అనగానే వాల్‌పేపర్ అనుకుంటారు చాలామంది. వాల్‌పేపర్ వెనకాల ఉండే బొమ్మ. థీమ్ అంటే విండో చుట్టూ అంచు, పైన టైటిల్ బార్, మూసే గుర్తు, మెనూ, బటన్, స్క్రోల్‌బార్, టిక్కు పెట్టే గడి, మనం టైపు చేసే పెట్టె, వీటన్నిటి రంగు, ఆకారం, మధ్యలో వదిలే ఖాళీ. పొద్దుటి నుంచి రాత్రి దాకా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి వాల్‌పేపర్‌ని రోజుకి ఒక నిమిషం చూస్తాడో లేదో. థీమ్‌ని మాత్రం కూర్చున్నంతసేపూ చూస్తూనే ఉంటాడు. అందుకే నాకు దీని మీద ఇంత పట్టింపు.

సొంతంగా థీమ్ చేసుకున్నవాళ్లు ఎవరన్నా ఉన్నారా ఇక్కడ? రంగులు మార్చుకున్నా సరే, చేతులెత్తండి. బాగుంది, బాగుంది. అలా చేసినదాన్ని బయట పెట్టి, ఊరూ పేరూ తెలియని పదిమంది చేత వాడించినవాళ్లు? చూడండి, చేతులన్నీ దిగిపోయాయి. నేను మాట్లాడాలనుకున్నది ఈ రెండో ప్రశ్న గురించే.

మన కోసం చేసుకున్న థీమ్ మన కంటికి నచ్చితే చాలు. మన తెర మీద బాగుంటే చాలు. మనం వాడే నాలుగు ప్రోగ్రాముల్లో సరిగ్గా కనబడితే చాలు. బయటకి ఇచ్చామనుకోండి, అవతలి మనిషి కన్ను వేరు, తెర వేరు, చదివే లిపి వేరు. ఈ మూడూ చూసుకుని ఇస్తేనే దాన్ని రిలీజ్ అనాలి. చూసుకోకుండా ఇస్తే అది ఒట్టి ఫోల్డర్ పంపడమే. నేను చెప్పదలచుకున్నది ఇంతే. అది ఎలా చూసుకోవాలన్నదే ఇక మిగిలింది.

ఇప్పుడే ఎందుకంటారా? 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలంటుంది, పాత ప్రాసెసర్లని ఒప్పుకోదు. మన జిల్లాలో స్కూళ్లలో, నెట్ సెంటర్లలో, ఇళ్లలో ఇంకా బాగా పనిచేస్తున్న మెషిన్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. వాటిని తుక్కు కింద అమ్మేయాలా? లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలికైన డెస్క్‌టాప్ పెడితే అవి మళ్లీ హాయిగా నడుస్తాయి. అయితే కొత్తగా వచ్చినవాళ్లు మొదట చూసేది లోపలి శక్తిని కాదు, పైకి కనబడే రూపాన్ని. "ఇదేంది, పాతకాలం కంప్యూటర్‌లా ఉందే" అంటే అక్కడితో ఆగిపోతారు. ఆ మాట అనిపించకుండా చూడటం థీమ్ చేసేవాళ్ల చేతిలో ఉంది. ఇది అలంకారం పనే కదా అని చిన్నచూపు చూడకండి.

విండోస్ మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. 2001లో ఎక్స్‌పీ వచ్చినప్పుడు ఆ నీలం టైటిల్ బార్, ఆకుపచ్చ స్టార్ట్ బటన్ ఉండేవి. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. వాటిని మార్చాలంటే మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం ఉన్న థీమే నడిచేది. సంతకం లేనిది నడవాలంటే సిస్టమ్ ఫైలునే మార్చాలి. అంత ప్రమాదమైనా సరే, ప్రపంచం నలుమూలల జనం ఆ ఫైలు మార్చుకుని మరీ సొంత థీమ్‌లు వేసుకున్నారు. మనిషికి తన తెర తనకి నచ్చినట్టు ఉండాలన్న కోరిక అంత గట్టిది. లినక్స్‌లో ఆ తిప్పలు లేవు. ఒక ఫోల్డర్ తయారు చేసి, హోమ్‌లో (మన సొంత ఫైళ్లుండే చోట) చుక్కతో మొదలయ్యే థీమ్స్ అనే ఫోల్డర్‌లో పెడితే సెట్టింగ్స్‌లో పేరు కనబడుతుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక నా థీమ్ చూపిస్తాను. దీని పేరు 'చీమకుర్తి'. ఇక్కడికి దగ్గరే, మీ అందరికీ తెలిసిన ఊరు. గెలాక్సీ రాయి ప్రపంచమంతా వెళ్తుంది ఇక్కడి నుంచి. వ్యాపారంలో గ్రానైట్ అంటాం గానీ, భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు దాన్ని గాబ్రో జాతి అంటారు. నల్లటి రాయిలో బంగారం చల్లినట్టు మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. పాలిష్ పెట్టని బ్లాక్‌ని చూస్తే బూడిద రంగులో మామూలు రాయిలా ఉంటుంది. దాని మీద చెంబుడు నీళ్లు పోయండి, నలుపు పైకి వస్తుంది, చుక్కలు ఒక్కొక్కటే కనబడతాయి. ఆ తడి రాయి నాకు చాలా ఇష్టం. చిన్నప్పటి నుంచీ చూస్తున్న రంగు అది.

డార్క్ థీమ్‌లు బయట బోలెడు ఉన్నాయి. ఎక్కువగా నీలం, లేదా ఊదా. మంచు దేశాల రంగులు, సముద్రం రంగులు, రాత్రి నగరాల రంగులు. బాగానే ఉంటాయి, కాదనను. కానీ మన ఊరి రాయి రంగు ఎక్కడా లేదు. ఎందుకు ఉండకూడదు? అందుకని వెనక రంగు దాదాపు నలుపు, మనం ఎంచుకున్న వరసకి, నొక్కిన బటన్‌కి ఆ రాగి గోధుమ రంగు. చుక్కలు మాత్రం పెట్టలేదు. బటన్ల మీద, మెనూల మీద చుక్కల బొమ్మ పెడితే అక్షరాలు చదవలేం. రాయి అందం కావాలి, కానీ చదువుకోవడానికి అడ్డం రాకూడదు.

రంగుల్ని సీఎస్‌ఎస్‌లో, అంటే రూపం ఎలా ఉండాలో రాసే భాషలో, అంకెలతో రాస్తాం, మీకు తెలిసిందే. వెనక రంగు #171717. ఎంచుకున్న వరస #775522, దాని మీద తెల్ల అక్షరాలు. ఇప్పుడు తెర వైపు చూడండి.

ఇక్కడ రెండు వరసలు రాశాను. రెండూ #171717 మీద బూడిద రంగు అక్షరాలే. మొదటిది #777777, రెండోది #888888. నా లాప్‌టాప్‌లో రెండూ చక్కగా కనబడుతున్నాయి. మీకు? మొదటి వరస ఏం రాసుందో చెప్పండి. వెనక ఉన్న బాబూ, నువ్వు చెప్పు. కనబడటం లేదా? రెండోది? అది కనబడుతోంది కదా.

అందుకే ట్యూబ్‌లైట్లు ఆపొద్దన్నాను. లైట్లు ఆపి, తలుపులేసి చూస్తే ఏ థీమైనా బాగుంటుంది. మన థీమ్ వాడేవాళ్లు ఎక్కడ కూర్చుంటారు? కిటికీ పక్కన, ఎండ పడే వరండాలో, పాత మానిటర్ ముందు, ఇలాంటి ప్రొజెక్టర్ కింద. మా అమ్మావాళ్లు వెంకటగిరి చీర కొనేటప్పుడు కొట్లో లైటు కింద చూసి ఊరుకోరు, గుమ్మం బయటకి తెచ్చి ఎండలో చూస్తారు. అలా చూడాలి మన రంగుల్ని.

కంటితో చూడటం ఒక్కటే చాలదు, లెక్క కూడా ఉంది. అక్షరం వెలుగుకీ వెనక రంగు వెలుగుకీ ఉండే నిష్పత్తిని కాంట్రాస్ట్ అంటాం. తెలుపు మీద నలుపైతే 21:1, అంతకు మించి లేదు. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని పెట్టిన ప్రమాణాల్లో మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5:1 ఉండాలన్నారు, పెద్ద అక్షరాలకి 3:1. డెస్క్‌టాప్‌కి కూడా నేను అదే పాటిస్తాను. ఇప్పుడు మీకు చదవలేని వరస ఉంది చూశారా, దాని నిష్పత్తి 4. చదవగలిగినదాని నిష్పత్తి 5 పైన. అంకెల్లో అంత చిన్న తేడా, మీ కళ్లకి మాత్రం చదవడం, చదవలేకపోవడం.

ఇంకో విషయం చూడండి. ఇదే #777777ని తెల్ల కాగితం లాంటి వెనక రంగు మీద పెడితే 4.48 వస్తుంది. అక్కడా గీతకి కింద పడింది. ఒక్క మెట్టు ముదురు చేసి #767676 అంటే 4.54, గట్టెక్కింది. ఎంచుకున్న వరస నేను చెప్పాను కదా, #775522 మీద తెలుపు, దానికి 6.7 దాకా వస్తుంది. ఈ లెక్క వేసే పనిముట్లు ఉచితంగా దొరుకుతాయి. "నా కంటికి బాగుంది" అని ఒక్కసారి కూడా అనకండి. మీకు ఇరవై ఏళ్లు. మీ థీమ్ వాడే మనిషికి అరవై ఉండొచ్చు, కంట్లో శుక్లం ఉండొచ్చు. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియనివాళ్లు కూడా ఉంటారు, ఆడవాళ్లలో కంటే మగవాళ్లలో చాలా ఎక్కువ. తప్పుకి ఎరుపు, ఒప్పుకి ఆకుపచ్చ అని రంగు ఒక్కటే మార్చి వదిలేస్తే వాళ్లకి రెండూ ఒకటే. పక్కన గుర్తు కూడా పెట్టాలి, లేకపోతే ఒకటి బాగా లేతగా, ఒకటి బాగా ముదురుగా ఉండాలి.

తెలుగులో తెరిచి చూడండి

ఇప్పుడు నా మనసుకి దగ్గరైన విషయానికి వస్తాను. అసలు నేను ఈ పనిలోకి దిగింది దీని కోసమే.

ఎక్స్‌ఎఫ్‌సీఈలో విండో చుట్టూ అంచు గీసే ప్రోగ్రాము వేరు, లోపలి బటన్లు గీసేది వేరు. లోపలివన్నీ జీటీకే అనే సాఫ్ట్‌వేర్ గీస్తుంది. అంచు, టైటిల్ బార్ గీసేది ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం. జీటీకే తెలివైనది. బటన్ మీద తెలుగు అక్షరం వస్తే ఎంత ఎత్తు కావాలో ఫాంటుని అడిగి, బటన్‌ని అంత ఎత్తు పెంచుకుంటుంది. ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం అలా పెంచదు. టైటిల్ బార్ దానికి కొన్ని బొమ్మ ముక్కలు, అంతే. టైటిల్ అనే పేరుతో అయిదు ముక్కలుంటాయి, ఒకటి నుంచి అయిదు దాకా. ఆ బొమ్మ ఎన్ని పిక్సెళ్ల ఎత్తుంటే టైటిల్ బార్ అంతే ఎత్తు. అందులో ఏ అక్షరం పట్టినా, పట్టకపోయినా దానికి సంబంధం లేదు.

ఇంగ్లిషు అక్షరాలకి 20, 22 పిక్సెళ్లు సరిపోతాయి. మన అక్షరాలకి? పైన తలకట్టు, గుడి, గుడి దీర్ఘం. కింద వత్తులు. ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. తెర మీద చూడండి, ఇది బయట దొరికే ఒక సన్నటి థీమ్. అందులో 'రాష్ట్ర చరిత్ర' అని పేరు పెట్టిన ఫైలు తెరిచాను. ట వత్తు ఎక్కడుంది? సగానికి తెగిపోయింది. ర వత్తు చుట్టిన గీత అసలు లేదు. ఇది చేసినవాళ్లని తప్పు పట్టను. వాళ్లు తెలుగు అక్షరం ఎప్పుడూ తెర మీద చూసి ఉండరు. వాళ్లకి చెప్పినవాళ్లూ లేరు. మరి చెప్పాల్సింది ఎవరు? మనమే కదా.

ఇప్పుడు 'చీమకుర్తి' వేస్తున్నాను. అదే ఫైలు. ట వత్తు పూర్తిగా ఉంది, ర వత్తు కూడా ఉంది. చేసిందేమిటంటే, బొమ్మల ఎత్తు 30 పిక్సెళ్లు చేశాను. థీమ్‌ఆర్‌సీ అనే చిన్న ఫైల్లో అక్షరాన్ని పైకీ కిందకీ జరిపే వరసలు రెండున్నాయి, యాక్టివ్ విండోకి ఒకటి, మిగతావాటికి ఒకటి. వాటితో అక్షరాన్ని కొంచెం పైకి జరిపితే కింద వత్తుకి చోటు దొరికింది. ఇంతే పని. కానీ ఈ పని చేసిన థీమ్ తెలుగు టైపు చేసే మనిషికి ఎంత ఊరటో, అది వాడిన మనిషికే తెలుస్తుంది.

ఫాంటు సంగతి కూడా చూసుకోవాలి. సాధారణంగా సెట్టింగ్స్‌లో ఇంగ్లిషు ఫాంటే ఉంటుంది. తెలుగు అక్షరం వచ్చేసరికి సిస్టమ్ వేరే ఫాంటు వెతుక్కుంటుంది. ఒకరి దగ్గర లోహిత్ తెలుగు ఉంటుంది, ఒకరి దగ్గర నోటో సాన్స్ తెలుగు, ఇంకొకరు రామభద్రో మండలో వేసుకుని ఉంటారు. ఒక్కో ఫాంటుకి ఒక్కో ఎత్తు. అందుకని ఒక ఫాంటుతో చూసి ఊరుకోకండి, కనీసం రెండు మూడు మార్చి చూడండి. నేను ఒక చిన్న పరీక్ష వరస పెట్టుకున్నాను, రాసుకోండి: రాష్ట్ర, స్త్రీ, ఉత్ప్రేక్ష, జ్యోత్స్న, వైశిష్ట్యం, కీర్తి. ఈ పేర్లతో ఆరు ఫోల్డర్లు చేయండి. ఒక్కోటీ తెరిచి టైటిల్ బార్ చూడండి. ఫైల్ మేనేజర్‌లో వరసలు చూడండి. ప్యానెల్‌లో బటన్లు చూడండి, ప్యానెల్ ఎత్తు తగ్గించి మళ్లీ చూడండి. ఎక్కడ తెగిందో వెంటనే తెలిసిపోతుంది.

తమిళం వాళ్లకి, కన్నడం వాళ్లకి, ఉర్దూ వాళ్లకి కూడా వాళ్ల వాళ్ల వరసలుంటాయి. నెల్లూరు వైపు తమిళం వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, ఉర్దూ చదివేవాళ్లు ఊరూరా ఉన్నారు. పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. ఉర్దూ పెడితే విండో లోపల బటన్లు, మెనూలు కుడి నుంచి ఎడమకి మారతాయి. మీరు ఎడమ వైపే ఖాళీ వదిలి ఉంటే అక్కడ బయటపడుతుంది.

లోపలి భాగాలు ఎక్కువ చెప్పను, అవి చదివి నేర్చుకోవచ్చు. జీటీకేతోపాటు విడ్జెట్ ఫ్యాక్టరీ అని ఒక ప్రోగ్రాము దొరుకుతుంది. బటన్లు, గడులు, ట్యాబులు, అన్ని రకాలూ ఒకే చోట కనబడతాయి. జీటీకే ఇన్‌స్పెక్టర్ కూడా ఉంది, నడుస్తున్న ప్రోగ్రాములోనే రంగు మార్చి అప్పటికప్పుడు చూసుకోవచ్చు. ప్రతి బటన్‌కీ ఒకటే రూపం కాదన్నది మాత్రం మర్చిపోకండి. మామూలుగా ఉన్నప్పుడు, మౌస్ పైకి వెళ్లినప్పుడు, నొక్కినప్పుడు, పనిచేయని స్థితిలో ఉన్నప్పుడు, విండో వెనక్కి పోయినప్పుడు, అన్నిటికీ రాయాలి.

ఆ చివరిదాన్ని బ్యాక్‌డ్రాప్ అంటారు. దాని గురించి కందుకూరు నుంచి రిటైరైన ఒక మాస్టారు నాకు రాశారు. ఆయన రెండు విండోలు పక్కపక్కన పెట్టుకుని, ఒకదాంట్లో చూస్తూ ఒకదాంట్లో టైపు చేస్తారట. "ఏ విండోలో టైపు పడుతుందో దూరం నుంచే తెలియాలి బాబూ, కీ నొక్కాక తెలిస్తే లాభం లేదు" అని రాశారు. ఎంత మంచి మాట! డిజైన్ పుస్తకాల్లో పేజీలకి పేజీలు రాసేది ఆయన ఒక్క వాక్యంలో చెప్పారు. ఆ తర్వాతి వెర్షన్‌లో యాక్టివ్ విండో పైన రాగి రంగు గీత వచ్చింది, వెనక విండో టైటిల్ బూడిద రంగులోకి వెళ్లింది. ఇదిగో ఇప్పుడు చూస్తున్నది అదే. నలుగురికి ఇస్తే వచ్చే లాభం ఇది. మన గదిలో కూర్చుంటే ఆ మాస్టారు మనకి దొరకరు.

ఎవరి అభ్యంతరం ఏమిటి

ఒక విషయం దాచకుండా చెప్పాలి. థీమ్‌లు అందరికీ ఇష్టం కాదు. 2016 మార్చిలో జీటీకే 3.20 వచ్చినప్పుడు సీఎస్‌ఎస్‌లో విడ్జెట్లని, అంటే బటన్లూ గడులూ లాంటివాటిని, పిలిచే పద్ధతే మారిపోయింది. అంతకు ముందు రాసిన థీమ్‌లు దాదాపు అన్నీ చెడిపోయాయి. చాలామంది విసుగొచ్చి మానేశారు. 2019లో గ్నోమ్ అనే ఇంకో లినక్స్ డెస్క్‌టాప్‌కి ప్రోగ్రాములు రాసేవాళ్లు కొందరు బహిరంగ లేఖ రాశారు. డిస్ట్రోలు, అంటే లినక్స్‌ని కూర్చి పంచేవాళ్లు, తమంతట తాము థీమ్ వేసి పంపితే మా ప్రోగ్రాముల్లో బొమ్మలు మారిపోతున్నాయి, అక్షరాలు కనబడటం లేదు, తిట్లు మాకు వస్తున్నాయి అని. 2021 డిసెంబరు 31న గ్నోమ్ ప్రోగ్రాముల రూపం కోసం చేసిన లిబ్‌అద్వైత 1.0 వచ్చింది. దానితో చేసిన ప్రోగ్రాములు మన థీమ్‌ని పట్టించుకోవు. వాటి రూపం వాటిదే.

వాళ్ల బాధ న్యాయమైనదే అని నేనంటాను. ఒక మనిషి నెలల తరబడి కష్టపడి ప్రోగ్రాము రాస్తాడు. మన థీమ్ వల్ల అందులో ఒక బటన్ మాయమైతే జనం ఆయన్ని తిడతారు. అందుకని రిలీజ్ చేసేటప్పుడు స్పష్టంగా రాయండి: ఇది ఏ డెస్క్‌టాప్‌కి, ఏ వెర్షన్‌లో చూశాను, ఎక్కడ పనిచేయదు. ప్రోగ్రాములో ఏదన్నా తేడా కనబడితే ముందు మామూలు థీమ్‌కి మార్చి చూడండి, అప్పుడు సరైపోతే నాకు చెప్పండి, ఆ ప్రోగ్రాము చేసినవాళ్లని విసిగించకండి అని రాయండి. ఫ్లాట్‌ప్యాక్‌గా, అంటే మిగతా సిస్టమ్ నుంచి విడిగా ఉండే ప్యాకేజీగా, వేసుకున్న ప్రోగ్రాములకి హోమ్‌లో ఉన్న థీమ్ మామూలుగా కనబడదు, అది కూడా రాయండి. జీటీకే బదులు క్యూటీతో చేసిన ప్రోగ్రాములకి దారి వేరు, అదీ రాయండి. ఇన్ని పనిచేయవని రాస్తే ఎవరు వాడతారు అంటారా? వాడతారు. ముందే చెప్పినవాళ్లని జనం నమ్ముతారు.

నమ్మకం అన్నాను కాబట్టి ఇది వినండి. 2024 మార్చిలో కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్‌కి ఒకరు పెట్టిన గ్లోబల్ థీమ్‌ని (మొత్తం రూపాన్ని ఒకేసారి మార్చేదాన్ని) వేసుకున్న ఒక మనిషి కంప్యూటర్‌లో ఫైళ్లన్నీ చెరిగిపోయాయి. హోమ్ ఫోల్డర్ ఒక్కటే కాదు, తగిలించి ఉన్న డిస్కుల్లోవి కూడా. చేసినవాళ్లకి దురుద్దేశం ఉన్నట్టు కనబడలేదు, స్క్రిప్టులో పొరపాటు. ఆ రకం థీమ్‌ల్లో కోడ్ కూడా నడుస్తుంది మరి. జనం మాత్రం థీమ్ అంటే రంగులే కదా అనుకుంటారు. ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, లెక్కలు అన్నీ ఉన్న కంప్యూటర్‌లోకి మన ఫోల్డర్‌ని రానిస్తున్నారు. అందుకని నా థీమ్‌లో ఇన్‌స్టాల్ స్క్రిప్టు లేదు. ఫోల్డర్‌ని హోమ్‌లో పెట్టుకోవడమే. అడ్మిన్ పాస్‌వర్డ్ అడగను, అడగాల్సిన పని లేదు. వేసుకోవడం ఎలాగో రాసిన చోటే తీసేయడం ఎలాగో కూడా రాశాను. మీరు కూడా అలాగే చేయండి. ఎవరైనా థీమ్ కోసం అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే ఎందుకని అడగండి.

లైసెన్సు సంగతి. పూర్తిగా ఖాళీ పేజీ నుంచి థీమ్ రాసేవాళ్లు తక్కువ. ఉన్నదాన్ని తీసుకుని మారుస్తాం. తప్పేమీ లేదు, అందుకే అవి స్వేచ్ఛగా ఇచ్చారు. కానీ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఉన్నదాన్ని మార్చి పంచితే మనది కూడా జీపీఎల్ కిందే ఇవ్వాలి, మొదట చేసినవాళ్ల పేరు ఉంచాలి. సీఎస్‌ఎస్‌ని సాస్ అనే ఇంకో భాషలో రాసి తయారు చేసి ఉంటే ఆ సాస్ ఫైళ్లు కూడా ఇవ్వాలి. బొమ్మల్ని ఎంత పెంచినా చెదరని ఎస్‌వీజీ ఫైళ్లుగా గీసి ఉంటే ఆ ఎస్‌వీజీలు కూడా. ఎందుకంటే మన తర్వాత ఇంకొకరు దాన్ని మార్చాలంటే అవే కావాలి. ఆర్క్ అని చాలా పేరున్న థీమ్ ఉంది. మొదట చేసినవారు ఆపేశారు. లైసెన్సు ఉంది, మూలం ఉంది, ఇంకొకరు అందుకుని కొనసాగించారు. జనానికి థీమ్ ఆగలేదు. ఉద్యోగం వస్తుంది, పెళ్లవుతుంది, బెంగళూరు వెళ్తారు, తీరిక ఉండదు. అప్పుడు మీ పని మీతో ఆగిపోకూడదనుకుంటే మొదటి రోజే మూలం ఫైళ్లు పెట్టండి.

స్క్రీన్‌షాట్లు. జనం ముందు చూసేది అవే. ఒక ఖాళీ డెస్క్‌టాప్, దాని మీద అందమైన ఫొటో, మూలన గడియారం, ఇలాంటి బొమ్మ పెట్టకండి. అందులో థీమ్ ఎక్కడుంది? ఫైల్ మేనేజర్ తెరిచి ఉండాలి, ఒక మెనూ దిగి ఉండాలి, ఒక వరస ఎంచుకుని ఉండాలి, పనిచేయని బటన్ ఒకటి కనబడాలి. తెలుగు పేర్లున్న ఫోల్డర్లు కనబడాలి. తెలుగువాళ్లు చూసి "మనకి కూడా పనికొస్తుంది" అనుకుంటారు, బయటివాళ్లు చూసి ఈ లిపి ఇలా ఉంటుందని తెలుసుకుంటారు. వాల్‌పేపర్ ఎవరో తీసిన ఫొటో అయితే వాళ్ల అనుమతి లేకుండా థీమ్‌తో కలిపి పంచకండి. మీ సొంత ఫైళ్ల పేర్లు, బ్యాంకు కాగితాలు, ఫోన్ నంబర్లు స్క్రీన్‌షాట్‌లో లేకుండా కొత్త యూజర్ అకౌంట్ తెరిచి అందులో తీయండి. కొత్త అకౌంట్‌లో వేసి చూస్తే ఇంకో లాభం, మన హోమ్‌లో ఎప్పుడో పెట్టుకున్న చిన్న మార్పుల సాయం లేకుండా థీమ్ ఒక్కటే నిలబడుతుందో లేదో తెలుస్తుంది.

ఇక రిలీజ్ అయ్యాక వచ్చే ఉత్తరాలు. మెచ్చుకునేవి వస్తాయి, సంతోషమే. "బాలేదు" అని ఒక్క మాట రాసేవాళ్లు ఉంటారు. టెన్షన్ పడకండి. మర్యాదగా అడగండి: ఏ డిస్ట్రో అండీ, ఏ వెర్షన్, ఒక స్క్రీన్‌షాట్ పంపగలరా? సగం మంది పంపుతారు, ఆ సగం మంది వల్లే థీమ్ బాగుపడుతుంది. నీలం రంగులో కావాలి, తెల్లది కావాలి, గుండ్రటి బటన్లు కావాలి అని అడిగేవాళ్లుంటారు. అన్నిటికీ సరేననకండి. చదవడానికి అడ్డం వచ్చేది ఏదైనా ఉంటే ఆ వారమే సరిచేయండి. రుచికి సంబంధించినదైతే "మూలం ఉంది, మీరు మార్చుకోండి, ఎక్కడ మార్చాలో చూపిస్తాను" అనండి. నేను అలా చూపించినవాళ్లలో కొందరు ఇప్పుడు సొంతంగా థీమ్‌లు చేస్తున్నారు. వాటిని చూస్తే నాది చూసినప్పటి కంటే ఎక్కువ ఆనందం.

ప్రశ్నలుంటే అడగండి. ఆ అమ్మాయి ఏదో అడుగుతోంది. గట్టిగా చెప్పమ్మా. "ఎక్కువ రిజల్యూషన్ ఉన్న తెరల మీద టైటిల్ బార్ చిన్నగా కనబడదా?" చాలా మంచి ప్రశ్న. కనబడుతుంది. టైటిల్ బార్ బొమ్మలని చెప్పాను కదా, బొమ్మ దానంతట అది పెరగదు. అందుకే ఎక్స్‌ఎఫ్‌సీఈ వాళ్లు కూడా వాళ్ల మామూలు థీమ్‌కి పెద్ద సైజువి విడిగా ఇస్తారు. 'చీమకుర్తి'కి ఆ పెద్ద సైజు ఇంకా గీయాలి. ఎస్‌వీజీలు ఉన్నాయి, సైజు పెంచి మళ్లీ బొమ్మలుగా మార్చాలి, ఒక్కో బటన్‌కి నాలుగు స్థితులు. నీ దగ్గర అలాంటి తెర ఉందా? ఉంటే ఆ పని నువ్వు తీసుకో, నీ పేరు థీమ్‌లో ఉంటుంది.

లాప్‌టాప్‌లు తెచ్చినవాళ్లు ఇప్పుడు తెరవండి. థీమ్ ఉన్న పెన్‌డ్రైవ్ ముందు వరసలో ఇస్తున్నాను, ఒకరి తర్వాత ఒకరు కాపీ చేసుకోండి. ఆరు ఫోల్డర్లు చేసి, ఇందాక రాసుకున్న పేర్లు పెట్టండి. ఎక్కడన్నా వత్తు తెగితే ఫాంటు పేరు, తెర సైజు కాగితం మీద రాసి నాకివ్వండి. ఉర్దూ చదవగలిగినవాళ్లు ఇటు రండి, మీతో వేరే పని ఉంది.